ఆట ఇటుకలు

పసిబిడ్డ చేతికి రెండు చెక్కముక్కలు దొరకినచో మొదట చేయు పని వానిని ఒకదానిపై నొకటి నిలుపుట. రెండవ పని పడద్రోయుట. మూడవ పని మరల నిలుపుట. ఈ విద్యను బిడ్డకు ఎవ్వరును ప్రత్యేకముగా నేర్పనక్కర లేదు. మన పల్లెలలో వాన వెలిసిన పిమ్మట తడియిసుకలో పాదముంచి, దానిపై ఇసుక కప్పి, అరచేతితో మెత్తగా తట్టి, చెదరకుండ పాదమును వెలికి తీసి పిచ్చుకగూడు కట్టని వారరుదు. సాయంకాలమునకు ఆ గూడు కూలును. మరునాటికి దాని జాడ కూడ మిగులదు.

ఇటుకలతో కట్టు ఆట పిచ్చుకగూటికి చుట్టమే. కాని ఒక్క భేదము కలదు. ఇచ్చట కట్టినది కూలినను ఇటుక మిగులును. నేడు కోటయైనది రేపు వంతెన యగును. ఎల్లుండి పెట్టెలో చేరును. బిడ్డ పెరిగి పెద్దవాడై పరదేశమునకు పోయినను ఆ పెట్టె అటకపై నుండును. ఆట ముగిసిన పిదప కూడ ఆటవస్తువు నిలిచియుండుటయే నేటి మన ప్రసంగమునకు మూలము.

డెన్మార్కు, జర్మనీ, హాలెండు, అమెరికా మున్నగు దేశములలో నలుబది యేండ్లు దాటిన ఉద్యోగులును, ఉపాధ్యాయులును, వైద్యులును తాము చిన్ననాట ఆడిన ఇటుకల పెట్టెలను వెదకి కొనుచున్నారు. వానికై గదులు కేటాయించుచున్నారు. సంఘములు పెట్టుకొని ప్రదర్శనలు జరుపుచున్నారు. ఆ దేశములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలలో పెక్కుమంది ఈ ఇటుకలతోనే పెరిగినారు. మన నగరముల దుకాణములకును అవి వచ్చి చేరినవి. కనుక ఇది కేవలము పరాయి వారి వింత కాదు. ఇది ముదిమిలో వచ్చిన పసితనమా, లేక ఇందు మనము ఆలోచింపదగిన విషయమేమైన నున్నదా అని చూతము.

ఈ ఇటుకల చరిత్ర ఒక ఉపాధ్యాయునితో ఆరంభమగును. జర్మనీ దేశమున థురింగియా ప్రాంతమునకు చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782-1852) 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున పసిపిల్లల కొరకు ఒక విద్యాసంస్థను నెలకొల్పెను. తరువాత దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరు పెట్టెను. ఆయన పిల్లలకై ‘కానుకలు’ అను పేర కొన్ని ఆటవస్తువులను వరుసగా రూపొందించెను. అందు మూడవ కానుక ఎనిమిది చిన్న ఘనములుగా విడిపోవు ఒక చెక్క ఘనము. నాల్గవది ఎనిమిది ఇటుకలుగా విడిపోవునట్టిది. బిడ్డ వానితో కుర్చీయో, మెట్లో, ద్వారమో కట్టవచ్చును. ఆట ముగియగానే ముక్కలన్నింటిని మరల తొలి ఘనముగా చేర్చి పెట్టెలో ఉంచవలెను. భాగములనుండి మొత్తము, మొత్తమునుండి భాగములు ఎట్లు వచ్చునో బిడ్డ చేతితోనే తెలిసికొనవలెనని ఫ్రోబెల్ ఉద్దేశము. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తల్లి 1876లో ఫిలడెల్ఫియా నగరపు ప్రదర్శనలో ఈ కానుకలను చూచి, కుమారునికి తెచ్చియిచ్చినది. ఆ చెక్కముక్కలకు తాను ఎంత ఋణపడియుండెనో ఆయన తన ఆత్మకథలో చెప్పుకొనెను.

బాడ్ బ్లాంకెన్‌బుర్గ్‌కు సమీపముననే రుడోల్‌స్టాట్ అను మరియొక పట్టణము కలదు. ఆట ఇటుకల కథలో రెండవ ఘట్టము అక్కడ జరిగెను. ఓట్టో లిలియంతాల్, గుస్తావ్ లిలియంతాల్ అను సోదరులు పిల్లల కొరకు కృత్రిమ శిలతో ఇటుకలు చేయు విధానమును కనుగొనిరి. స్ఫటికపు ఇసుక, సుద్ద, అవిసెనూనె - ఇవియే ముడిసరుకులు. వీనిని కలిపి, అచ్చులలో గట్టిగా అదిమి, వేడిచేసి గట్టిపరచిరి. సోదరులకు నేర్పున్నది కాని వ్యాపారము తెలియదు. వారు 1880 ప్రాంతమున తమ విధానమును ఫ్రెడరిక్ అడాల్ఫ్ రిక్టర్ అను ఔషధ వ్యాపారికి అమ్మివేసిరి. రిక్టర్ దానికి లంగరు గుర్తు వేసి, ‘ఆంకర్’ ఇటుకలు అను పేర లోకమంతట ప్రచారము చేసి గొప్ప ధనము గడించెను. ఓట్టో లిలియంతాల్ గ్లైడరుతో గాలిలో తేలుట సాధించి, విమానయానమునకు బాట వేసిన వారిలో ఒకడై, 1896లో అట్టి ప్రయాణముననే పడి మరణించెను. గాలిలో నెగురుటకు తపించిన ఆ చేతులే పిల్లలకు బరువైన రాతిముక్కలను కూడ చేసియిచ్చుట విశేషము.

ఆంకర్ ఇటుకలు మూడు రంగులలో వచ్చెడివి. ఎరుపు కాల్చిన ఇటుకను, పసుపు సున్నపురాతిని, నీలము పైకప్పు పలకను సూచించును. ఈ ముక్కలు ఒకదానితో నొకటి అతుకుకొనవు. బరువు, కొలతలలోని కచ్చితము - ఈ రెండే గోపురమును నిలుపును. కనుక ఆడు బిడ్డ ఊపిరి బిగబట్టి ఆడవలెను. రిక్టర్ చేసిన మరియొక మంచి ఏర్పాటు అనుబంధపు పెట్టె. ఈ ఏడు చిన్న పెట్టె కొన్నవారు పై యేడు అనుబంధము కొని కలిపినచో, అది తరువాతి పెద్ద పెట్టెతో సమానమగును. పిల్లవానితో పాటు పెట్టె కూడ పెరుగును. తాత కొన్న పెట్టెకు తండ్రియు, తండ్రి పెట్టెకు కొడుకును చేర్చుటకు ఇది వీలు కల్పించినది. 1963లో తూర్పు జర్మనీ ప్రభుత్వ కాలమున ఈ కర్మాగారము మూతపడెను. కాని ఆ ఇటుకలను మరువలేని వారు కొందరు 1979లో హాలెండునందు ఆంకర్ మిత్రుల సంఘమును స్థాపించి, పాత పెట్టెలను, వాని పటములను సేకరించి, విడిభాగముల పట్టికలు సిద్ధపరచి కాపాడిరి. 1995లో రుడోల్‌స్టాట్‌లోనే తయారీ మరల మొదలయ్యెను. నడుమ గడచిన ముప్పదిరెండేండ్లు ఆ విద్య బ్రతికినది పెద్దవారి చేతులలోనే. పిల్లల వస్తువును పెద్దలు సేకరించుట వ్యర్థమనువారు ఈ ఉదాహరణమును గమనింపదగును.

ఇక అందరికి తెలిసిన లెగో ఇటుక సంగతి. డెన్మార్కు దేశమున బిల్లుండ్ అను పల్లెలో ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అను వడ్రంగి యుండెను. ప్రపంచమంతటిని పీడించిన ఆర్థిక మాంద్యమున ఇండ్లు కట్టించుకొనువారు లేక అతని పని తగ్గిపోయెను. 1932లో అతడు చెక్కబొమ్మలు చేయుట ప్రారంభించెను. ఆ యేడే భార్య గతించి, నలుగురు కొడుకుల భారము అతనిపై పడెను. 1934లో తన సరుకునకు లెగో అను పేరు పెట్టెను. డేనిష్ భాషలో ‘లెగ్ గొట్’ అనగా చక్కగా ఆడుము అని అర్థము. 1942లో కర్మాగారము అగ్నికి ఆహుతియైనను మరల కట్టెను. యుద్ధానంతరము ప్లాస్టిక్కును కరిగించి అచ్చుపోయు యంత్రమును కొని, 1949లో ప్లాస్టిక్కు ఇటుకలను వెలువరించెను. ఈ భావము అతనికి ఇంగ్లండునుండి వచ్చినది. హిలరీ ఫిషర్ పేజ్ అను ఆంగ్లేయుడు కిడ్డీక్రాఫ్ట్ అను పేర అట్టి ఇటుకలను అంతకు ముందే చేసియుండెను. ఆయన 1957లో మరణించెను. లోకము ఆయనను మరచినను, చరిత్ర చెప్పునపుడు ఆ పేరు విడువరాదు.

తొలినాటి ఆ ఇటుకలు లోపల బోలుగా నుండెడివి. పైబొడిపెలు క్రిందినుండి లోనికి దూరినను పట్టు చాలక కట్టినది ఊగెడిది. ఓలె కిర్క్ కుమారుడు గోడ్‌ఫ్రెడ్ ఈ లోపమును తీర్చు మార్గము వెదకెను. ఇటుక లోపల గుండ్రని గొట్టములు అమర్చినచో, క్రింది యిటుక బొడిపెలు గొట్టమునకును గోడకును నడుమ ఇరుకుకొని నిలుచును. 1958 జనవరి 28న ఈ నిర్మాణమునకు పేటెంటు కోరుచు దరఖాస్తు చేసిరి. ఆ యేడే ఓలె కిర్క్ కన్నుమూసెను. 1963లో ఇటుకల పదార్థమును కూడ మార్చి, సెల్యులోజ్ అసిటేటునకు బదులు వంగని, రంగు నిలుచు ఏబీఎస్ అను ప్లాస్టిక్కును వాడసాగిరి. రెండు వరుసల ఎనిమిది బొడిపెల ఇటుక పొడవు 31.8 మిల్లీమీటర్లు, వెడల్పు 15.8 మిల్లీమీటర్లు, బొడిపె కాక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. అచ్చులలో వెంట్రుక మందమంత తేడా కూడ రానీయరు. ఆ కారణముననే తాత నాటి ఇటుకపై మనుమడు నేడు కొన్న ఇటుక పట్టుగా కూర్చొనును.

ఒకే రంగు గల ఎనిమిది బొడిపెల ఇటుకలు రెండింటిని 24 విధములుగా కలుపవచ్చును. మూడు ఇటుకలైనచో 1,060 విధములు. ఆరు ఇటుకలకు ఎన్ని విధములని ప్రశ్నించినపుడు ఆ సంస్థ చాలకాలము 10 కోట్ల 29 లక్షలకు పైగా అని చెప్పుచు వచ్చెను. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయపు గణితాచార్యుడు సోరెన్ ఐలర్స్ దానిని పరీక్షించి, అది ఆరింటిని ఆరంతస్తులుగా పేర్చు విధములకే వర్తించునని కనుగొనెను. ఒకే అంతస్తున రెండు మూడు ఇటుకలు వచ్చు విధములను కూడ గణనయంత్రముతో లెక్కింపగా 91,51,03,765 అని తేలెను. గుప్పిటిలో నిముడు ఆరు ముక్కలలో ఇన్ని నిర్మాణములు దాగియున్నవి. ఏ బిడ్డయు వానినన్నింటిని కట్టజాలడు. అనగా బాల్యమున ఆడిన ఆట ఎవ్వరికిని పూర్తి కాలేదు. పెద్దవారిని మరల ఆ పెట్టెవైపు లాగు శక్తులలో ఇది యొకటి యని నా తలంపు.

మరి గతమును తలచి బెంగగొనుట యనగా నేమి? ఆంగ్లేయులు నాస్టాల్జియా అను మాటను 1688లో స్విట్జర్లండు దేశపు యోహానెస్ హోఫర్ అను వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసములో సృష్టించెను. గ్రీకున ‘నోస్టోస్’ అనగా ఇల్లు చేరుట. ‘ఆల్గోస్’ అనగా నొప్పి. పరదేశమున కొలువు చేయు స్విస్ జాతివారు ఇంటిపై బెంగతో కృశించుట చూచి, హోఫర్ దీనిని ఒక రోగముగా వర్ణించెను. నేటి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు అట్లు తలపరు. ఇంగ్లండునందు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున కాన్‌స్టాంటైన్ సెడికిడీస్ ప్రభృతులు జరిపిన పరిశోధనల సారము వేరు. ఒంటరితనము, నిరుత్సాహము కలిగినపుడు మనస్సు తనకు తాను చేసికొను ఉపచారమే ఈ స్మృతి యనియు, నన్ను ప్రేమించిన వారుండిరి అను ధైర్యమును ఇది కలిగించుననియు వారు చెప్పుచున్నారు. ఇటుకను తలచుకొనువాడు నిజముగా తలచుకొనుచున్నది ఇటుకను కాదు. ఆ ఇటుకలు నేలపై పరచిన గదిని, ప్రక్కన కూర్చున్న అన్నను, భోజనమునకు పిలిచిన అమ్మ గొంతును.

ధ్వనితో జీవనము చేయువాడను గనుక ఇంకొక్క మాట. ఇటుకల పెట్టెను నేలపై కుమ్మరించునపుడు కలుగు చప్పుడు మరియే వస్తువునకును రాదు. కావలసిన ముక్క కొరకు చేతితో కెలుకునపుడు వచ్చు గలగల యొకటి, రెండు ముక్కలు బిగిసినపుడు వచ్చు చిన్న టక్కుమను శబ్దము మరియొకటి. చెవియు, వ్రేళ్ళును దాచుకొన్న జ్ఞాపకములు ఛాయాపటము కంటె లోతైనవి.

ఈ సేకరణకారులు తమలో తాము వాడు మాట యొకటి కలదు: అంధయుగము. పండ్రెండు పదునాలుగేండ్ల ప్రాయమున ఇటుకలను విడిచి, చదువు, ఉద్యోగము, వివాహము దాటి, ముప్పది నలుబదుల వయస్సున మరల వానిని చేపట్టువరకు గడచిన కాలమును వారట్లు పిలుతురు. సాధారణముగా తమ బిడ్డకు తొలి పెట్టె కొన్న నాటితో ఆ అంధయుగము ముగియును. 1978లో లెగో వారు నవ్వు ముఖము గల చిన్న మనుష్యుల బొమ్మలను, వారితో కోటలను, అంతరిక్ష నౌకలను ప్రవేశపెట్టిరి. ఆనాటి పిల్లలే నేడు సంపాదనపరులైన నడివయస్కులు. వ్యాపారము ఈ సంగతిని కనిపెట్టకపోలేదు. 2020లో పదునెనిమిదేండ్లు దాటినవారికని ముద్రించిన పెట్టెలు ప్రత్యేకముగా వెలువడినవి. పాత ముక్కల క్రయవిక్రయములకు 2000లో మొదలైన అంతర్జాల విపణిని, నేడు బ్రిక్‌లింక్ అను పేర నడచుచున్న దానిని, 2019లో లెగో సంస్థయే కొనివేసెను.

ఇక్కడనే మనము జాగ్రత్తగా ఆలోచింపవలసిన తావు వచ్చినది. సేకరించువారు ఒకే తీరువారు కారు. తాము పోగొట్టుకొన్న పెట్టెను మాత్రమే వెదకి, దొరకగానే తృప్తిపడువారు కొందరు. క్రొత్త నిర్మాణములు కట్టి పదిమందికి చూపువారు కొందరు. పెట్టె ముద్ర విప్పక, ధర పెరుగువరకు దాచువారు మరికొందరు. ఈ మూడవ తెగవారికి ఆశ చూపు లెక్కలును ఉన్నవి. రష్యాలోని ఆర్థికశాస్త్ర విద్యాపీఠమునకు చెందిన పరిశోధకులు 1987 మొదలు 2015 వరకు వెలువడిన పెట్టెల ధరలను పరిశీలించి, ముద్ర విప్పని పెట్టెలు ఏటా సగటున సుమారు 11 శాతము లాభమిచ్చినవని 2021లో ప్రకటించిరి. సగటు మాట నిజమే. కాని సగటు క్రింద మునిగినవి ఎన్నియో కలవు.

మన దేశమునకు సంబంధించిన ఉదాహరణమే చెప్పెదను. 2008లో లెగో వారు తాజ్‌మహల్ నమూనాను 5,922 ముక్కలతో వెలువరించిరి. అమెరికాలో దాని వెల సుమారు 300 డాలర్లు. తయారీ నిలిచిన పిదప ముద్ర విప్పని పెట్టెల ధర ఎన్నో రెట్లు పెరిగెను. ఇక ఎప్పటికిని రాదనుకొని పెద్ద సొమ్ము పోసి కొని దాచినవారుండిరి. 2017లో సంస్థవారు అదే తాజ్‌మహల్‌ను 5,923 ముక్కలతో మరల విడుదల చేసిరి. వెల సుమారు 370 డాలర్లు. దాచిన పెట్టెల ధర పడిపోయెను. కట్టి ఆనందించినవారికి మాత్రము ఏమియు నష్టము కాలేదు. వారి తాజ్‌మహల్ బల్లపై యథాతథముగా నిలిచియుండెను. ఆటవస్తువును బంగారముగా నెంచువాడు బంగారమును పొందలేడు, ఆటయు పొందలేడు.

పాత పెట్టె ఇంటనున్నవారికి కొన్ని ఉపయోగకరమైన సంగతులు. తెల్లని, నీలపు ఇటుకలు ఎండలో పసుపు వారును. కావున కిటికీ ప్రక్క ఉంచరాదు. కడుగునపుడు 40 డిగ్రీలకు మించని గోరువెచ్చని నీటిలో కొద్ది సబ్బుతో చేతితో కడిగి, నీడలోనే ఆరబెట్టవలెను. 1963కు పూర్వపు సెల్యులోజ్ అసిటేటు ముక్కలు కాలక్రమమున వంకరవోవును. వానిని చూచుకొనుటకే ఉంచుకొనవలెను గాని, బలవంతముగా బిగింపరాదు. 1970, 1980 దశకముల నాటి ఎరుపు, పసుపు ప్లాస్టిక్కు బొమ్మలలో రంగు కొరకు కాడ్మియమ్ అను విషలోహమును వాడిన సందర్భములు కలవని ఇంగ్లండునందలి ప్లిమత్ విశ్వవిద్యాలయపు పరిశోధన 2018లో తెలిపెను. కావున ఆ కాలపు ముక్కలను, ప్రత్యేకించి విరిగిన వానిని, నోట పెట్టుకొను పసివారికి ఈయరాదు. ఎదిగిన పిల్లలు పెద్దల ఎదుట ఆడుకొనవచ్చును. ముక్కలను వేరుచేయునపుడు రంగును బట్టి కాక ఆకారమును బట్టి వేరుచేయుట మేలు. నూరు ఎర్రముక్కల నడుమ చిన్న ఎర్రముక్క కంటికి దొరకదు. ఒకే ఆకారపు ముక్కల నడుమ ఎరుపు వెంటనే కనబడును. పెట్టెతో వచ్చిన నిర్మాణ పటములను పారవేయక దాచినచో, తప్పిపోయిన ముక్కలను మాత్రమే విడిగా కొని పూర్తిచేయవచ్చును.

మన యిండ్లలో బొమ్మల కొలువు పెట్టు ఆచారము కలదు. అమ్మమ్మ కాలపు కొండపల్లి బొమ్మ ప్రక్కన ఈ యేటి క్రొత్త బొమ్మ కూర్చొనును. పెద్దలు ఆటబొమ్మలను దాచి, ఏటేట వెలికితీసి, ఒకటొకటి చేర్చుకొనుట మనకు క్రొత్త కాదు. కాని కొలువునకు ఒక నియమమున్నది: పేర్చినంత కాలము పిల్లలు చేయి వేయరాదు. ఇటుకల నియమము దీనికి విరుద్ధము. చేయి వేయనిచో అది ఇటుకయే కాదు. ఈ రెండు నియమములలో దేనిని పాటింపవలెనో ఇంటి పెద్దలు తెలిసికొనవలెను.

పిల్లలు వసతిగృహములకో, పైచదువులకో వెళ్ళిన వెంటనే వారి ఆటపెట్టెలను పాతసామానులవానికి వేయుట మన యిండ్లలో పరిపాటి. స్థలము చాలదన్న మాట నిజమే. అయినను ఒక్క చిన్న పెట్టెకు అటకపై చోటు దొరకకపోదు. వేయుటకు ముందు ఆ బిడ్డను ఒక్క మాట అడుగుట న్యాయము. అడిగి దాచిన పెట్టెను మనుమలు వచ్చిననాడు నేలపై కుమ్మరింపుడు. ధరను గూర్చియు, అరుదును గూర్చియు వారికి చెప్పవలసిన పని లేదు. వారు మొదటి ముక్కపై రెండవది నిలుపుదురు, తరువాత పడద్రోయుదురు. పడద్రోయనిండు.